నెల్లూరు, ప్రకాశం వైపు నిజంగానే వాతావరణం మారిందా? మా నాన్న కరెక్టా, మా బాబాయి కరెక్టా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. మీది అల్లూరు వైపు ఊరు, మీరు బెంగళూరులో ఉద్యోగం, నాన్న ఆరెకరాలు వరి చేస్తున్నారు, బాబాయికి ఆ పక్కనే రొయ్యల గుంటలు. ఇంట్లో వానలు, ఎండలు, బోరు ఉప్పెక్కడం గురించి మాట వస్తే బాబాయి "అంతా క్లైమేట్ చేంజ్ అబ్బయ్యా" అంటారు, నాన్న "77 చూళ్ళేదా, 89 చూళ్ళేదా, వానలెప్పుడూ ఇంతే" అంటారు. ఇద్దరిలో ఎవరిది కరెక్టు, రీసెర్చ్ చేసేవాళ్ళు మన వైపు గురించి ఏం తేల్చారు, ఆఖరికి పొలం ఉంచుకోవాలా అమ్మేయాలా, ఇదే కదా.

సూటిగా చెప్పేస్తా. ఎండ విషయంలో మీ బాబాయి కరెక్టు. ఏడాది మొత్తం మీద పడే వాన విషయంలో మీ నాన్న దాదాపు కరెక్టు, కానీ ఆ వాన పడే తీరు విషయంలో కాదు. బోరు ఉప్పెక్కడం విషయంలో ఇద్దరూ తప్పే, అది చాలావరకు మనం తోడేసిన దాని ఫలితం. పొలం మాత్రం ఈ కారణం చూపించి అమ్మొద్దు, ఎందుకో కింద చెప్తా.

నేను వ్యవసాయ వాతావరణం సైడు పనిచేసి రిటైరైనవాణ్ణి. అబ్జర్వేటరీలో పొద్దున ఏడుకి, మధ్యాహ్నం రెండుకి పొడి బల్బు, తడి బల్బు (గాలి వేడినీ, తేమనీ తెలిపే రెండు థర్మామీటర్లు) చూసి రిజిస్టర్లో ఎక్కించే పనితో మొదలుపెట్టి, తర్వాత మండలాల వారీగా వాన లెక్కలు, మంగళవారం శుక్రవారం రైతులకి వెళ్ళే సలహా బులెటిన్లు, ఇలా సర్వీసంతా దాదాపు ఈ రెండు జిల్లాల్లోనే గడిచింది. (జిల్లాలు ఈ మధ్య అటూ ఇటూ మారాయి, నేను నెల్లూరు, ప్రకాశం అన్నప్పుడల్లా పాత జిల్లాలనే అనుకోండి, లేకపోతే గూడూరు, కందుకూరు, అద్దంకి ఎక్కడ కలపాలో అర్థంకాక చస్తాం.)

ఎండ సంగతి ముందు, ఎందుకంటే ఇక్కడ వాదించడానికి పెద్దగా ఏం లేదు. 2020లో కేంద్ర భూవిజ్ఞాన శాఖ పూణేలో ఉన్న ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (ఐఐటీఎం) వాళ్ళతో కలిసి మన దేశం మీద ఒక పెద్ద అసెస్‌మెంట్ రిపోర్టు ఇచ్చింది, దాంట్లో 1901 నుంచి 2018 మధ్య దేశం సగటు ఉష్ణోగ్రత దాదాపు 0.7 డిగ్రీలు పెరిగిందని తేల్చారు. హిందూ మహాసముద్రం పైనీళ్ళు 1951 నుంచి 2015 లోపే సుమారు ఒక డిగ్రీ వేడెక్కాయి. 0.7 అంటే ఏముందిలే అనిపిస్తుంది గానీ, మన మీద ఎప్పుడూ దుమ్ము, పొగ పొర ఒకటి ఉంటుంది, అది ఎండని కొంత అడ్డుకుంటుంది కాబట్టి మన దగ్గర పెరుగుదల ప్రపంచ సగటు కన్నా తక్కువగా కనపడుతోంది. గాలి శుభ్రం చేసేకొద్దీ ఆ ముసుగు కొంత తొలగుతుంది, అలాగని శుభ్రం చేయొద్దని కాదు నా ఉద్దేశం.

అందరూ మే నెల మధ్యాహ్నం గురించే మాట్లాడతారు, రోహిణిలో రోళ్ళు పగలడం మన తాతలూ చూశారు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది రాత్రి ఉష్ణోగ్రత. వరి పగలు ఎండలో తయారుచేసుకున్న పిండిపదార్థంలో కొంత రాత్రి శ్వాసకే ఖర్చు పెడుతుంది, రాత్రి ఎంత వేడిగా ఉంటే ఆ ఖర్చు అంత ఎక్కువ. ఫిలిప్పీన్స్‌లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్ళు తమ సొంత పొలంలో 1979 నుంచి 2003 దాకా ఉన్న రికార్డు తిరగేసి 2004లో ఒక పేపర్ వేశారు, ఎండాకాలపు పంటలో రాత్రి కనిష్ఠం ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి సుమారు 10 శాతం పడిపోయిందని. అది అక్కడి నేల, అక్కడి రకాలు, దాన్ని తెచ్చి నేరుగా అల్లూరు పొలానికి అతికించకూడదు. కానీ దిశ మాత్రం అదే.

రెండోది పూత టైములో వేడి. వరి పొద్దున తొమ్మిది పదకొండు మధ్య పూస్తుంది, ఆ గంటల్లో 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని గింజ పట్టదు, తాలు పోతుంది. మన వైపు ఎడగారు వరికి, అంటే ఎండాకాలంలో వేసే రెండో పంటకి, ఇదే ఇబ్బంది. నైరుతి వచ్చిందని టీవీలో చెప్తుంటారు, కేరళలో కుండపోత, మనకేమో అదే పడమటి గాలి వెలికొండలు దిగి వచ్చేసరికి ఎండిపోయి నిప్పులు చెరుగుతుంది, మధ్యాహ్నం రావాల్సిన సముద్రపు గాలిని కూడా లోపలికి రానివ్వదు, జూన్ ఆఖరు దాకా మనకి ఎండాకాలమే. కోవూరు దగ్గర ఒక రైతు ఎడగారులో ముందుగా నారు పోశాడు, జూన్ చివర సరిగ్గా ఆ గాలి రోజుల్లోనే పూతకొచ్చింది, ఎకరాకి పుట్టికి (మన నెల్లూరు కొలతలో సుమారు 850 కిలోలు) పైగా తగ్గింది. ఎరువుల షాపాయన కల్తీ మందు ఇచ్చాడని కొట్టుకునేదాకా పోయారు. పక్క పొలం అదే రకం, అదే షాపు మందు, పది రోజులు లేటుగా పోసింది, అది బాగానే పండింది. పది రోజుల తేడా అంతే, ఇంకేం లేదు.

మనుషుల మీద ఎండ ప్రభావం వేరే కథ. 2015 మేలో ఆంధ్రా, తెలంగాణ కలిపి 2 వేల మందికి పైగా వడదెబ్బకి పోయారు, వాళ్ళలో ఎక్కువమంది బయట పనిచేసుకునేవాళ్ళు, ముసలివాళ్ళు. ఒంగోలు, నెల్లూరులో 38 ఉన్నా లోపలి జిల్లాల 43 కన్నా తేలికని అనుకోకండి, మన గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒంట్లో వేడి దిగదు. అందుకే వాతావరణ శాఖ కూడా వడగాలి హద్దు మైదానాలకి 40 పెట్టి తీరానికి 37 పెట్టింది. రెండు బల్బులు పక్కపక్కన చదివినవాడికి ఇది బాగా తెలుస్తుంది, పొడి బల్బు మామూలుగానే ఉంటుంది, తడి బల్బు మాత్రం దానికి దగ్గరగా ఎక్కేసి ఉంటుంది, ఆ రోజు నాట్లకి వెళ్ళిన ఆడవాళ్ళు పదకొండుకే గట్టెక్కి కూర్చుంటారు. కూలి మాత్రం సగమే. ఈ నష్టం ఏ పంట నష్టం లిస్టులోనూ ఎక్కదు, నష్టపరిహారం ఎకరాలకి ఇస్తారు గానీ పోయిన కూలికి ఎవరిస్తారు.

ఇక వాన, మీ ఇంట్లో గొడవంతా దీనిదే కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

నెల్లూరు జిల్లాకి ఏడాది సాధారణ వర్షం సుమారు 1,080 మిల్లీమీటర్లు, దాంట్లో దాదాపు 60 శాతం అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య, అంటే ఈశాన్య ఋతుపవనంలో పడుతుంది. ప్రకాశంకి సుమారు 870, అది నైరుతికీ ఈశాన్యానికీ దాదాపు చెరిసగం. ఇది ఎందుకు చెప్తున్నానంటే "దేశంలో వర్షాలు 6 శాతం తగ్గాయి" అని ఒక మాట వాట్సాప్‌లో బాగా తిరుగుతుంది. అది తప్పు కాదు, పైన చెప్పిన రిపోర్టులోదే, కానీ అది 1951 నుంచి 2015 మధ్య జూన్ నుంచి సెప్టెంబర్ వానల గురించి, అదీ ముఖ్యంగా గంగా మైదానం, పడమటి కనుమల గురించి. మన ప్రధాన వానాకాలం అది కానే కాదు. ఉత్తరాది లెక్క తెచ్చి నెల్లూరు చెరువు మీద పెడితే ఎలా.

మన జిల్లా మొత్తం వానలో స్పష్టంగా తగ్గింది, పెరిగింది అని చెప్పగలిగే గీత నాకు కనపడలేదు. కారణం ఏంటంటే ఒక ఏడాదికీ ఇంకో ఏడాదికీ మనకి వందల మిల్లీమీటర్ల తేడా ఉంటుంది, అంత ఊగిసలాట మధ్య నాలుగైదు శాతం మార్పు ఉన్నా ఒక్క జిల్లా రికార్డులో బయటపడదు. దానికి తోడు మనకి ఎల్‌నినో (పసిఫిక్ మహాసముద్రం పైనీళ్ళు మామూలు కన్నా వేడెక్కడం) లెక్క తిరగబడి పనిచేస్తుంది. ఎల్‌నినో అంటే కరువు అని దేశమంతా భయపడుతుంది, నిజమే, నైరుతికి దెబ్బ. కానీ ఈశాన్య వానలకి అది చాలాసార్లు కలిసొస్తుంది. 2015 చూడండి, గట్టి ఎల్‌నినో సంవత్సరం, నైరుతి దెబ్బతింది, నవంబర్లో మాత్రం నెల్లూరు, చెన్నై మునిగాయి. మరుసటేడు 2016లో ఎల్‌నినో పోయింది, హమ్మయ్య అనుకునేలోపు ఈశాన్యం మొహం చాటేసింది, తమిళనాడులో అయితే వందేళ్ళకి పైగా ఎరగనంత లోటు. కాబట్టి రెండు మూడేళ్ళు చూసి "మారిపోయింది" అనడం, మళ్ళీ ఒక మంచి ఏడు రాగానే "ఏం మారలేదు" అనడం, రెండూ తొందరపాటే.

ఇంకో చిన్న విషయం, పేపర్లో "సాధారణం కన్నా ఇంత ఎక్కువ" అని రాస్తారు కదా, ఆ సాధారణం కూడా కదులుతూ ఉంటుంది. దేశం మొత్తానికి నైరుతి సాధారణం 880.6 మిల్లీమీటర్లు ఉండేది, అది 1961–2010 సగటు. 2022లో దాన్ని 1971–2020 సగటుకి మార్చి 868.6 చేశారు. కొలబద్ద కొంచెం పొట్టిదయ్యింది అన్నమాట. మోసం ఏం కాదు, పదేళ్ళకోసారి మార్చడం పద్ధతే, కానీ పాత పేపర్ కటింగులతో కొత్తవి పోల్చేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మరి మారిందేంటి అంటే, పడే తీరు. వేడి గాలి ఒక్కో డిగ్రీకి సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకుంటుంది, ఇది భౌతికశాస్త్రం, దీంట్లో అభిప్రాయాలకి చోటు లేదు. కింద సముద్రం ఒక డిగ్రీ వేడెక్కింది. కాబట్టి కురిసినప్పుడు కుమ్మేయడానికి సరుకు ఎక్కువ ఉంది. తుఫాన్ల విషయంలో కూడా ఆ రిపోర్టు చెప్పేది ఇదే, మన వైపు సముద్రాల్లో తుఫాన్ల మొత్తం సంఖ్య 1951 తర్వాత తగ్గింది, కానీ అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య వచ్చే అతి తీవ్రమైనవి గత రెండు దశాబ్దాల్లో పెరిగాయి. మీ నాన్న "మా చిన్నప్పుడే తుఫాన్లు ఎక్కువ" అంటే నవ్వకండి, ఆయన లెక్క తప్పు కాదు. 1977 నవంబర్ దివిసీమ ఉప్పెన, 1984 నవంబర్లో శ్రీహరికోట దగ్గర దాటింది, 1989 నవంబర్లో కావలి దగ్గర దాటింది, ఇవన్నీ ఆయన చూసినవే అయ్యుంటాయి.

ఇక్కడ ఒక విషయం కుండబద్దలు కొట్టినట్టు చెప్పాలి, మా ఫీల్డ్ వాళ్ళు కొందరికి నచ్చదు. 2015 డిసెంబర్ చెన్నై వరద తర్వాత కొందరు శాస్త్రవేత్తలు, మనిషి వల్ల వచ్చిన వేడిమి దాన్ని ఎంత పెంచిందో లెక్క కట్టారు. అందరూ ఏదో పెద్ద నంబరు వస్తుందనుకున్నారు. వాళ్ళు తేల్చింది, ఆ ఒక్క సంఘటనలో క్లైమేట్ చేంజ్ ముద్ర స్పష్టంగా కనపడలేదు అని. అక్కడి తీరంలో సముద్రం మిగతా చోట్లలాగా వేడెక్కకపోవడం, పైన చెప్పిన పొగ పొర, ఇవి ఒక కారణం కావచ్చన్నారు. నాకు ఈ పేపర్ మీద గౌరవం ఎక్కువ, ఎందుకంటే తేలనిది తేలలేదు అని రాశారు. ప్రతి వరదకీ టీవీ స్టూడియోలో కూర్చుని "ఇదంతా క్లైమేట్ చేంజే" అనేవాళ్ళ వల్ల నిజంగా తేలిన వాటి మీద కూడా జనానికి నమ్మకం పోతుంది.

2021 నవంబర్ తీసుకోండి, మీకు గుర్తుండే ఉంటుంది. వాయుగుండం చెన్నై దగ్గర దాటి పైకి, కడప, చిత్తూరు కొండల మీద కుమ్మేసింది. 19వ తేదీ చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్ళన్నీ పెన్నలోకి, సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకి పైగా వదిలారు, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, కోవూరు వైపు హైవే తెగింది. వాన ఎక్కువే, కాదనను. కానీ ఆ రోజు నెల్లూరులో మునిగిన ఇళ్ళు ఎక్కడున్నాయో చూడండి, పెన్న పొర్లుకట్టకి లోపల, నది ఒడిలో. పల్లెల్లో అయితే చెరువు నిండాక అదనపు నీళ్ళు పోయే కలుజు వాగుని పూడ్చి గుంట తవ్వుకున్నారు, డ్రైన్ మీద గట్టేసుకున్నారు, బకింగ్‌హామ్ కాలవ పూడుకుపోయి సముద్రంలోకి నీళ్ళు దిగే దారి లేదు. వాన పైనుంచి వచ్చింది, నీళ్ళు నిలబడింది మాత్రం మన చేతిపని వల్ల. వరద నష్టంలో వాన వాటా ఒకటి, దారి మూసేసిన వాటా ఇంకొకటి, ఈ రెండోది తగ్గించుకోవడానికి ప్యారిస్‌లో ఒప్పందం అక్కర్లేదు, అక్టోబర్ లోపు ఊరి డ్రైన్లు తీస్తే చాలు.

తీరు మారితే ప్రకాశంకి దెబ్బ ఇంకో రకం. అక్కడ నల్లరేగడిలో శనగ అక్టోబర్, నవంబర్లో పెట్టి నేలలో ఉన్న పదునుతోనే పండిస్తారు, మొలిచాక వాన అక్కర్లేదు, పడితే నష్టం. పొగాకు కూడా అంతే, నాటాక నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళిపోతుంది. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర దాటినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది, లేత పొగాకు, శనగ, మిర్చి నీళ్ళలో ఉండిపోయాయి, చాలామంది మళ్ళీ మొక్క కొని నాటారు. ఏడాది లెక్కలో ఆ వాన "మంచి వర్షపాతం" కింద పోతుంది. అందుకే నేను బులెటిన్ రాసేవాళ్ళకి ఎప్పుడూ చెప్పేది, మిల్లీమీటర్లు కాదయ్యా, ఏ వారంలో పడిందో రాయండి అని.

సరే, బోరు ఉప్పు.

సముద్రం పెరుగుతోంది, అది నిజం. హిందూ మహాసముద్రం ఉత్తర భాగంలో 1993 నుంచి 2017 మధ్య ఏడాదికి సుమారు 3.3 మిల్లీమీటర్లు, అంతకు ముందు వందేళ్ళ వేగం కన్నా దాదాపు రెట్టింపు. పాతికేళ్ళకి వేస్తే సుమారు 8 సెంటీమీటర్లు. ఇప్పుడు మీ ఊరి బోర్లలో ఏప్రిల్, మే నాటికి నీటిమట్టం ఎంత దిగుతుందో మీ నాన్నని అడగండి, మీటర్లలో చెప్తారు. తీరంలో భూమి కింద మంచినీళ్ళు ఉప్పునీళ్ళ మీద తేలుతూ ఉంటాయి, దానికి ఘైబెన్–హెర్జ్‌బర్గ్ లెక్క అని వందేళ్ళు దాటిన సూత్రం ఒకటుంది: సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీళ్ళుంటే కింద 40 మీటర్ల దాకా మంచినీళ్ళుంటాయి. తిరగేసి చదవండి, పైన ఒక మీటరు తోడేస్తే కింద నుంచి ఉప్పు 40 మీటర్లు పైకి రావడానికి దారి దొరుకుతుంది. నేల రకాన్ని బట్టి అచ్చంగా అంతే జరగకపోవచ్చు, టైమూ పడుతుంది, కానీ 8 సెంటీమీటర్ల సముద్రం ఒక వైపు, మీటర్ల కొద్దీ తోడకం ఒక వైపు పెట్టి చూస్తే మీ బోరుని చెడగొట్టింది ఎవరో అర్థమవుతుంది.

దీనికి రొయ్యల గుంటలు తోడు. మీ బాబాయి నొచ్చుకోకూడదు, నేను గుంటలకి వ్యతిరేకిని కాదు, 90ల్లో టైగర్ రొయ్య వచ్చి వైట్ స్పాట్ జబ్బుతో కుప్పకూలి, 2009 తర్వాత వన్నామి రకం రొయ్యతో మళ్ళీ లేచి, తీరం పొడవునా ఎన్నో ఇళ్ళు నిలబడింది దాని మీదే. కానీ వరి మధ్యలో ఉప్పునీటి గుంట తవ్వితే ఆ ఉప్పు పక్క పొలంలోకి ఊరుతుంది, గుంట ఖాళీ చేసినప్పుడు ఆ నీళ్ళు సాగు కాలవలోకి వదిలితే ఇంకా ఘోరం. 1996లో సుప్రీంకోర్టు తీరంలో రొయ్యల సాగు మీద గట్టి తీర్పు ఇచ్చింది ఇలాంటి వాటి గురించే, తర్వాత 2005లో చట్టం చేసి అథారిటీ పెట్టారు. రూల్స్ కాగితం మీద ఉన్నాయి. ఒక ఊళ్ళో ఈ తగువులోకి నన్ను పిలిస్తే, గుంటలాయన నాతో "సార్, ఇది సముద్రం పెరగబట్టే గదా, మీరే రాసియ్యండి" అన్నాడు. రాసియ్యలేదు. క్లైమేట్ చేంజ్ అనేది ఇప్పుడు ఎవరికి వాళ్ళు తప్పించుకోవడానికి మంచి గొడుగయ్యింది, నా అసలు బాధ అది. దాని కింద కాంట్రాక్టరూ దాక్కుంటాడు, ఆఫీసరూ దాక్కుంటాడు, మనమూ దాక్కుంటాం.

ఒడ్డు కోత కూడా ఇదే బాపతు. చెన్నైలో ఉన్న జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 దాకా శాటిలైట్ బొమ్మలు పోల్చి దేశం తీరంలో దాదాపు మూడో వంతు కోతకి గురవుతోందని చెప్పింది. సముద్రం పెరగడం ఒక కారణం. నది తెచ్చే ఇసుక డ్యాముల్లో ఆగిపోవడం, పోర్టులకి కట్టిన గోడలు ఇసుక నడకని అడ్డుకోవడం, నదిలో ఇసుక తోడేయడం, ఇవీ కారణాలే.

పడమటి ప్రకాశం గురించి మీరు అడగలేదు గానీ ఒక్క మాట. కనిగిరి, పొదిలి, పామూరు వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ వాతావరణం వల్ల వచ్చింది కాదు, అది అక్కడి రాయిలోనే ఉంది. కానీ వరసగా కరువు ఏళ్ళు వస్తే బోర్లు ఇంకా లోతుకి పోతాయి, ఆ లోతు నీళ్ళు రాతితో ఎక్కువ కాలం నానినవి, ఫ్లోరైడ్ ఎక్కువ. అలా వాతావరణం నేరుగా కాకపోయినా వెనక నుంచి నెడుతుంది. 1996లో శంకుస్థాపన చేసిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళ కోసం ఆ జనం ఒక తరం ఎదురుచూశారు, మధ్యలో ఎందరు హైదరాబాద్, బెంగళూరు పనులకి పోయారో మీకే తెలుసు, మీ అపార్ట్‌మెంట్ సైట్‌లో అడిగితే కనీసం ఒకరైనా మార్కాపురం వైపు వాళ్ళు తగులుతారు.

పశువుల సంగతి కూడా పైపైన చెప్పేస్తా. సంకర జాతి జెర్సీ, హెచ్ఎఫ్ ఆవులు ఎండకి పాలు తగ్గించేస్తాయి, మన ఒంగోలు జాతి అంత తేలిగ్గా లొంగదు. ఆ గుణం కోసమే బ్రెజిల్ వాళ్ళు పట్టుకెళ్ళి నెల్లోర్ అని పేరు పెట్టి పెంచుకున్నారు, ఇవాళ అక్కడి మాంసపు పశువుల్లో ఎక్కువ భాగం దాని సంతతే. మనం మాత్రం సంక్రాంతికి బండలాగుడు పందెంలో చూసి ఫోటో దిగుతాం.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఉంచాలా అమ్మాలా. నా అభిప్రాయం ఉంచండి, కానీ ఇప్పుడున్న పద్ధతిలో కాదు.

మొదటిది రకం, నారు టైము. మీ నాన్న బీపీటీ 5204 వేస్తుంటే అది దాదాపు ఐదు నెలల పంట, అక్టోబర్ మొదట్లో నారు పోస్తే తుఫాను నెలలో లేత నారు మునుగుతుంది, లేటైతే కోత ఎండల్లోకి పోతుంది, కాలవ నీళ్ళు చివర్లో అందవు. నెల్లూరు పరిశోధన స్థానం 1937 నుంచి ఉంది, మన చౌడుకీ, మన అగ్గితెగులుకీ తగ్గట్టు రకాలు వాళ్ళు తీస్తూనే ఉన్నారు, ఎన్ఎల్ఆర్ 34449 అలా వచ్చిందే, కాలం తక్కువ, అగ్గితెగులు తట్టుకుంటుంది, అన్నం కూడా బాగుంటుంది. కాలం తక్కువ రకం ఉంటే వాన చూసుకుని నారు రెండు మూడు వారాలు అటూ ఇటూ జరుపుకునే వీలుంటుంది, నా దృష్టిలో వాతావరణం మారుతున్నప్పుడు రైతుకి కావాల్సింది ఈ వీలే, రికార్డు దిగుబడి కాదు. నారు కూడా మొత్తం ఒకేసారి పోయకుండా రెండు దఫాలుగా పోస్తే ఒకటి పోయినా ఒకటి మిగులుతుంది.

రెండు, ఎడగారు వరి మానేయమని చెప్పను, నీళ్ళు గ్యారంటీగా ఉన్న ఏడాదే వేయమంటాను, పూత జూన్ గాలుల్లో పడకుండా చూసుకోమంటాను. లేని ఏడాది మినుమో నువ్వులో చాలు. కాలవ నీళ్ళు రావని తెలిసి కూడా బోరు నమ్ముకుని ఎడగారు వరి వేయడమే మీ ఊళ్ళో ఉప్పుని పైకి లాగుతోంది.

మూడు, బోరు ఇంకా లోతుకి దించొద్దు. అందరూ చేసే పని అదే, నీళ్ళు ఉప్పెక్కాయి అనగానే రిగ్గు పిలిపిస్తారు. తీరంలో లోతుకి పోయేకొద్దీ ఉప్పుకి దగ్గరవుతారు. ఇసుక నేల అయితే పైపొరలో ఫిల్టర్ పాయింట్ (తక్కువ లోతు గొట్టపు బావి) వేసి, కొంచెం కొంచెం తోడుకోవడం మేలు. వానాకాలంలో చెరువు నిండితే ఆ చుట్టుపక్కల బోర్ల నీళ్ళు తియ్యగా మారతాయి, అది మీ నాన్నకి నాకన్నా బాగా తెలుసు.

బాబాయికి: అక్టోబర్, నవంబర్లో రొయ్య పిల్లని మరీ చిక్కగా వేయకండి. ఒక్కసారి పెద్ద వాన పడితే మంచినీళ్ళు గుంట పైన పొరగా నిలబడతాయి, ఉప్పుశాతం పడిపోతుంది, పీహెచ్ పడిపోతుంది, మబ్బుకి పాచి ఆక్సిజన్ ఇవ్వదు, తెల్లారేసరికి రొయ్య పైకి తేలుతుంది. వాన మొదలవగానే పైనీళ్ళు బయటకి పోయేలా తూము సర్దుకోవడం, ఏరియేటర్లు ఆపకుండా తిప్పడం, డీజిల్ ముందే తెచ్చిపెట్టుకోవడం, ఇవి తెలిసినవే, కానీ కరెంటు పోయాక డీజిల్ కోసం కావలి పరిగెత్తేవాళ్ళని ఇప్పటికీ చూస్తున్నా.

కింద కామెంట్లో ఒకాయన "నేలటూరులో 800 మెగావాట్ల బొగ్గు యూనిట్లు మూడు పెట్టుకుని రైతుకి నీతులా" అన్నాడు. న్యాయమైన మాటే, ఆ పొగ లెక్క ఆరెకరాల రైతు మీద వేయడం నాకూ ఇష్టం లేదు. నేను పైన చెప్పినవేవీ భూమిని కాపాడ్డానికి కాదు, మీ ఆరెకరాలు కాపాడుకోడానికి.

నా సలహా పూర్తిగా నమ్మేసే ముందు ఒక పని చేయండి. బోరు నీళ్ళు ఏప్రిల్‌లో ఒకసారి, చెరువు నిండాక డిసెంబర్‌లో ఒకసారి భూసార పరీక్ష కేంద్రంలో ఇచ్చి ఈసీ (నీళ్ళలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, డెసిసీమెన్స్/మీటరులో) ఎంతో రాయించుకోండి. నీళ్ళ ఈసీ 2 దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది, పైకి పోయేకొద్దీ వేగంగా పడిపోతుంది. రెండు రీడింగుల మధ్య తేడా బాగా ఉంటే, అంటే డిసెంబర్‌లో నీళ్ళు తియ్యగా మారుతుంటే, మీ బోరు ఇంకా చేజారలేదు, తోడకం తగ్గిస్తే నిలబడుతుంది. రెండింట్లోనూ 4 పైనే ఉంటే మాత్రం నేను చెప్పిన దాంట్లో సగం మీకు పనికిరాదు, అప్పుడు ఆ పొలంలో కాలవ నీటితో ఒక్క పంటే అని తేల్చుకోవాలి. ఆ రెండు నంబర్లు, బోరు లోతు, మీ నాన్న గత నాలుగైదేళ్ళుగా ఏ తేదీకి నారు పోశారో ఇక్కడే పెట్టండి, చూసి చెప్తా.